ఫౌండేషను సొమ్ము ఎవరిది? చిత్రకారులకు ఎందుకు ఇస్తారు?

గత మాసం మా సంఘ కార్యవర్గ సమావేశం ముందుకు ఒక వింత దరఖాస్తు వచ్చినది. మా సభ్యులలో ఒకరి కుమారుడు చెన్నైలో చిత్రకళ చదివి వచ్చినవాడు. సంఘం గోదాములో మూలబడి వున్న పాత జకార్డు అట్టలను కొంతకాలం తనకు ఇప్పిస్తే వాటితో ఒక ప్రదర్శన తయారు చేస్తాననీ, ఖర్చు నిమిత్తం ఒక ఫౌండేషను వారిని అడుగుతాననీ, సంఘం తరపున సిఫారసు ఉత్తరం కావాలనీ అందులో వ్రాసుకున్నాడు.

చదవగానే అందరూ నవ్వారు. ఒక డైరెక్టరుగారు, "అట్టలు మగ్గం మీద వుంటే గుడ్డ వస్తుంది, గోడ మీద వుంటే ఏమొస్తుంది?" అన్నారు. ఒక పెద్దాయన మాత్రం నవ్వలేదు. "అది సరే నాయనా, వాళ్ళిచ్చేది అప్పా, దానమా? అప్పయితే వడ్డీ ఎంత? దానమైతే వాళ్ళకేం లాభం?" అని కుర్రవానిని అడిగారు. అతడు తనకు తెలిసినంత చెప్పాడు గాని మాకు పూర్తిగా బోధపడలేదు. ఆ ఉత్తరం మీద సంఘం ముద్ర వేయవలసినది మేము. కాబట్టి దరఖాస్తును పై నెలకు వాయిదా వేసి, ఈలోగా ఈ విషయం చదివీ, తెలిసినవారిని అడిగీ కొంత నేర్చుకున్నాము. మన యిండ్లలో చిత్రకళ చదివే పిల్లలు ఇప్పుడు ఒకరిద్దరు కారు. వారి తలిదండ్రులకు పనికివచ్చునని తోచి, నేర్చుకున్నది ఇక్కడ వ్రాస్తున్నాము.

అప్పు కాదు, భిక్ష కాదు

ఫౌండేషను అనగా ఒక మంచి ప్రయోజనం కోసం విడిగా తీసిపెట్టిన మూలధనమూ, దానిని కాపాడే ధర్మకర్తల మండలీని. మన పూర్వులు గుడి దీపానికని మాన్యం వ్రాసిపెట్టేవారు. ఆ భూమిని అమ్మరాదు, దాని పంటతోనే దీపం వెలగాలి. ఇదీ అటువంటి ఏర్పాటే. మన భాషలో చెప్పాలంటే మూలధనం మగ్గం వంటిది, దాని రాబడి గుడ్డ వంటిది. గుడ్డ అమ్ముకుని ఎన్నేళ్ళయినా బ్రతకవచ్చును. మగ్గం అమ్ముకుంటే ఒక ఏడాది తిండి, ఆపైన పస్తులు.

దీనిని లాభాపేక్ష లేని సంస్థ అంటారు. మన సహకార సంఘానికి వాటాదారులున్నారు, లాభం వస్తే డివిడెండు పంచుకుంటాము. ఫౌండేషనుకు వాటాదారులు లేరు, డివిడెండు లేదు. ధర్మకర్తలు కాపలాదారులే గాని సొంతదారులు కారు. అయితే ఇంత సొమ్ము ఎక్కడనుంచి వస్తుంది, ఏ లెక్కన పంచుతారు? మాటలకన్నా ఒక సంస్థ చరిత్ర చెబితే సుళువుగా తెలుస్తుంది. అమెరికాలో ఆండీ వార్‌హోల్ అనే చిత్రకారుని పేర వున్న ఫౌండేషను కథ మనకు బాగా వుపయోగపడుతుంది.

ఒక చిత్రకారుని వీలునామా

వార్‌హోల్ 1928లో పిట్స్‌బర్గు నగరంలో, తూర్పు యూరపు నుంచి కూలిపనికి వలస వచ్చిన కుటుంబంలో పుట్టారు. మొదట వ్యాపార ప్రకటనలకు బొమ్మలు వేసి బ్రతికారు. ఆ రోజులలో అచ్చుగుడ్డలకు నమూనాలు కూడా గీశారు. 1962 నుంచి ఆయన స్క్రీను అచ్చుతో చిత్రాలు చేయసాగారు. చట్రానికి బిగించిన బట్ట గుండా రంగును లాగే ఈ పద్ధతి మన అద్దకపు పనివారికి కొత్త కాదు. కొట్లలో అమ్మే సూపు డబ్బాలను, సినిమా తారల ముఖాలను ఆయన చిత్రాలుగా మార్చారు. పెద్ద పేరు వచ్చినది, పెద్ద డబ్బూ వచ్చినది.

1987 ఫిబ్రవరి 22న, శస్త్రచికిత్స జరిగిన మరునాడు, ఆయన న్యూయార్కులో మరణించారు. తన ఆస్తిలో అత్యధిక భాగంతో దృశ్యకళల అభివృద్ధికై ఒక ఫౌండేషను స్థాపించవలెనని వీలునామాలో వ్రాశారు. అదే సంవత్సరం ఆ సంస్థ ఏర్పడినది.

ఆ ఆస్తి మూడు విధాలు. మొదటిది ఆయన ఇంటినిండా కూడబెట్టిన సామాను. 1988లో సోథెబీస్ అనే వేలం సంస్థ సుమారు 10,000 వస్తువులను పది రోజులపాటు వేలం వేయగా 2 కోట్ల 53 లక్షల డాలర్లు వచ్చినవి. రెండవది అమ్ముడుపోక మిగిలిన ఆయన చిత్రాలు, ఫోటోలు. మూడవది ఆ చిత్రాల మీది హక్కు. ఎవరైనా ఆయన బొమ్మను పుస్తకం మీదనో, చొక్కా మీదనో అచ్చు వేసుకోవాలంటే ఫౌండేషనుకు రుసుము చెల్లించాలి. ఈ మూడవదానిని పాఠకులు గుర్తుంచుకోవాలి. దాని ప్రసంగం మళ్ళీ వస్తుంది.

చిత్రాల విలువ ఎంత అన్నదానిమీద కోర్టులో వ్యాజ్యం కూడా నడిచినది. ఆస్తి వ్యవహారాలు చూసిన న్యాయవాదికి రుసుము ఎంత ఇవ్వాలన్నది తగాదా. ఫౌండేషను పక్షాన చేయించిన మదింపు 9 కోట్ల 50 లక్షల డాలర్లు. 1994లో న్యాయమూర్తి అవే చిత్రాల విలువను సుమారు 39 కోట్ల డాలర్లుగా నిర్ణయించారు. ధర్మసంస్థ తన ఆస్తి తక్కువని వాదించడం చిత్రంగా తోస్తుంది. ఆ వాదనకు రుసుము ఒక్కటే కారణం కాదు. మరొక కారణం ఆ దేశపు పన్ను చట్టంలో వున్నది.

ఏటా ఎంత పంచాలి

ఆ దేశంలో ఇటువంటి ప్రైవేటు ఫౌండేషను తన పెట్టుబడి ఆస్తి విలువలో సుమారు 5 శాతం ఏటా ధర్మకార్యాలకు ఖర్చు చేసి తీరాలి. 100 డాలర్లుంటే 5 డాలర్లు బయటికి పోవాలి. మిగిలిన 95 షేర్లలో, బాండ్లలో పెరిగి ఆ లోటు పూడ్చాలి. ఎక్కువ పంచితే మూలధనం తరుగుతుంది, తక్కువ పంచితే పన్ను దండుగ పడుతుంది. ఆస్తి విలువను ఎక్కువగా లెక్కగడితే పంచవలసిన మొత్తం కూడా పెరుగుతుంది గదా! గోడకు తగిలించిన పటం వడ్డీ పెట్టదు. కావుననే 2012లో ఆ ఫౌండేషను తనవద్ద మిగిలిన చిత్రాలను క్రిస్టీస్ సంస్థ ద్వారా అమ్మి, ఆ సొమ్మును మూలధనంలో కలుపుకోవాలని నిశ్చయించినది.

మన దేశపు నియమం వేరు. ఇక్కడ నమోదైన ధర్మసంస్థ పన్ను మినహాయింపు నిలుపుకోవాలంటే, తన ఏటి ఆదాయంలో 85 శాతం వుద్దేశించిన పనికి వినియోగించాలి. అక్కడ లెక్క మూలధనం మీద, ఇక్కడ లెక్క ఆదాయం మీద. రెండిటి భావం ఒక్కటే: ధర్మం పేరు చెప్పి డబ్బు దాచుకు కూర్చోరాదు.

ఎవరి చేతికి ఇస్తారు

ఆ ఫౌండేషను నేరుగా చిత్రకారుని చేతికి డబ్బు ఇవ్వదు. ప్రదర్శనశాలలకు, చిత్రకారులు తామే నడుపుకొనే చిన్న సంస్థలకు ఇస్తుంది. ఏడాదికి రెండు తడవలు దరఖాస్తులు తీసుకుంటుంది. 1994లో పిట్స్‌బర్గులో వార్‌హోల్ పేర తెరచిన మ్యూజియానికి వేలాది చిత్రాలను దానం చేసినది. 2007లో ఆయన తీసిన ఫోటోలు 28,000కు పైగా 180కి మించిన కళాశాల మ్యూజియాలకు వుచితంగా పంచినది. సమకాలీన చిత్రాలను గురించి వ్రాసేవారికి వేరే పథకం పెట్టినది.

మరి ఒంటరి చిత్రకారుని సంగతేమి? 1990ల మధ్యలో అమెరికా ప్రభుత్వపు కళల నిధి చిత్రకారులకు విడివిడిగా ఇచ్చే గ్రాంట్లను చాలవరకు ఆపివేసినది. ఆ లోటు తీర్చడానికి 1999లో ఈ ఫౌండేషను ముందుండి క్రియేటివ్ క్యాపిటల్ అనే వేరే సంస్థను నిలబెట్టినది. ఆ సంస్థ డబ్బుతోపాటు లెక్కలు వ్రాసుకోవడం, ధర నిర్ణయించుకోవడం, కొనుగోలుదారులతో మాట్లాడటం వంటి విషయాలలో కూడా శిక్షణ ఇచ్చినది.

2007 నుంచి మరొక ఏర్పాటు. న్యూయార్కులో కూర్చున్న ఆఫీసుకు దూరపు వూరి చిత్రకారుని సంగతి తెలియదు. కాబట్టి ఒక్కొక్క ప్రాంతంలో నమ్మకమైన సంస్థను ఎంచుకుని, దానికి మొత్తం సొమ్ము ఇచ్చి, చిన్న చిన్న మొత్తాలుగా స్థానిక చిత్రకారులకు పంచమంటారు. అపెక్స్ సంఘం నూలును ప్రాథమిక సంఘానికి ఇస్తుంది, ప్రాథమిక సంఘం నేత యింటికి ఇస్తుంది గదా, అదే పద్ధతి. ఎవరి మగ్గం ఆడుతున్నది, ఎవరిది ఆగినది అన్నది పక్క వీధివారికే తెలుస్తుంది.

ఎందుకిస్తారు

ఇది మా పెద్దాయన వేసిన అసలు ప్రశ్న. దీనికి జవాబు మన యింట్లోనే వున్నది. పడుగు పోసి, గంజి పెట్టి, పోగులు అతికి, మగ్గం మీదికి ఎక్కించేదాకా ఎన్ని రోజులు పోతాయో మనకు తెలుసు. ఆ రోజులకు కూలి ఎవరూ లెక్కగట్టరు. గుడ్డ కొలిచినప్పుడే కూలి. కొత్త అంచు వేయబోయి రెండు గజాలు చెడిపోతే ఆ నష్టం నేతగానిదే. అందుకే మనలో చాలామంది కొత్త నమూనా జోలికి పోరు. చేతకాక కాదు, ఆ రోజుల తిండికి దారిలేక.

చిత్రకారునికీ ఇదే చిక్కు. బజారు అతనికి పూర్తయిన పటానికే ధర ఇస్తుంది. ప్రయత్నించి పారవేసిన పదింటికి ఇవ్వదు. ఫౌండేషను ఆ ప్రయత్నపు రోజులకు కూలి ఇస్తుంది. అప్పు కాదు కాబట్టి వడ్డీ లేదు. తయారైన పటం చిత్రకారునిదే గాని ఫౌండేషనుది కాదు. అడిగేది ఒక్కటే: చెప్పిన పని చేశారా, ఖర్చుకు లెక్కలున్నాయా?

దాతకు అధికారం కూడా వుంటుంది. 2010లో వాషింగ్టన్ నగరంలోని స్మిత్సోనియన్ సంస్థ, కొందరి అభ్యంతరం మీద, తన ప్రదర్శన నుంచి ఒక కళాకారుని వీడియోను తొలగించినది. ఆ ప్రదర్శనకు వార్‌హోల్ ఫౌండేషను 1,00,000 డాలర్లు ఇచ్చివున్నది. తొలగించినదానిని తిరిగి పెట్టకపోతే ఇకమీదట మీ ప్రదర్శనలకు మా సొమ్ము రాదని అది వ్రాసినది. డబ్బు ఇచ్చి నోరు మూయించేవారిని మనం చాలామందిని చూశాము. డబ్బు ఇచ్చి నోరున్నవాని పక్షాన నిలబడటం వేరు.

దాతకూ తప్పులున్నవి

ఇంతవరకు చదివి ఇది పుణ్యాత్ముల సంస్థ అనుకోరాదు. వార్‌హోల్ చిత్రాలలో ఏది అసలు, ఏది నకలు అని తేల్చడానికి 1995లో ఒక బోర్డు ఏర్పడినది. ఆ బోర్డు కాదన్న చిత్రం వెనుక తిరస్కరించినట్లు ముద్ర వేసేవారు. ముద్ర పడితే పటానికి విలువ పోయినట్లే. దానిమీద వ్యాజ్యాలు వచ్చినవి. వాదించడానికే సుమారు 70 లక్షల డాలర్లు ఖర్చయినవి. చిత్రకారులకు చేరవలసిన సొమ్ము వకీళ్ళకు చేరుతున్నదని గ్రహించి 2012లో ఆ బోర్డును ఎత్తివేశారు.

రెండవ సంగతి మన నేతవారికి ఇంకా ముఖ్యం. లిన్ గోల్డ్‌స్మిత్ అనే ఫోటోగ్రాఫరు 1981లో ప్రిన్స్ అనే గాయకుని ఫోటో తీశారు. 1984లో ఒక పత్రిక ఆమెకు 400 డాలర్లు ఇచ్చి, ఆ ఫోటో ఆధారంగా ఒక్కసారి బొమ్మ వేయించుకోవడానికి అనుమతి తీసుకున్నది. బొమ్మ వేసినవారు వార్‌హోల్. అయితే ఆయన ఒక్కటి కాక, అదే ఫోటో మీద 16 చిత్రాలు చేశారు. 2016లో ప్రిన్స్ మరణించినప్పుడు ఆ పత్రిక యజమాని సంస్థ వాటిలో ఇంకొక బొమ్మను ముఖచిత్రంగా వేసుకుని ఫౌండేషనుకు 10,000 డాలర్లు చెల్లించినది. మొదట ఫోటో తీసిన ఆమెకు ఒక్క డాలరు రాలేదు, ఆమె పేరైనా వేయలేదు.

విషయం ఆ దేశపు సుప్రీంకోర్టు దాకా వెళ్ళినది. రంగులు మార్చి కొత్త చిత్రం చేశాము గనుక అనుమతి అక్కరలేదని ఫౌండేషను వాదించినది. 2023 మే 18న కోర్టు 7–2 తేడాతో ఆమె పక్షాన తీర్పు చెప్పినది. ఫోటో ఏ పనికి అమ్ముడవుతుందో అదే పనికి ఆ బొమ్మను అమ్మారు, కాబట్టి ఆ కారణం చెల్లదన్నారు. చిత్రకారులను ఆదుకోవడానికే పుట్టిన సంస్థ, ఒక చిత్రకారిణి కష్టాన్ని లెక్కలోకి తీసుకోక ఓడిపోయినది.

ఇది చదివినప్పుడు మాకు గోదాములోని అట్టలు గుర్తుకు వచ్చినవి.

మన దేశంలో

ఆ సంగతి చెప్పేముందు మన దేశంలో దారులేమిటో చూద్దాము. బెంగుళూరులో ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ అనే స్వతంత్ర సంస్థ 1993లో ఏర్పడి, 1995 నుంచి గ్రాంట్లు ఇస్తున్నది. ఇది విడివిడిగా కళాకారులకు, పరిశోధకులకు కూడా ఇస్తుంది. దరఖాస్తు ఇంగ్లీషులోనే కాక మన దేశభాషలలోనూ వ్రాసుకోవచ్చును. తమిళదేశంలో, కన్నడదేశంలో, ఒరిస్సాలో, మహారాష్ట్రలో, యానాంలో వున్న మన పిల్లలు ఇంగ్లీషుకు జంకి ఆగిపోనక్కరలేదు.

చిత్రకారునికీ మగ్గానికీ సంబంధమేమని అడిగేవారికి ఇంకొక మాట. 1950లలో పుపుల్ జయకర్ గారి పూనికతో ప్రభుత్వం నేత సేవా కేంద్రాలు తెరచినప్పుడు, నమూనాలు గీయడానికి చిత్రకారులనే వుద్యోగంలో పెట్టుకున్నారు. పెద్ద పేరు గడించిన కె.జి. సుబ్రహ్మణ్యన్ గారు 1959 నుంచి 1961 వరకు బొంబాయిలో చేనేత బోర్డు డిజైను విభాగంలో పని చేశారు. ప్రభాకర్ బర్వే గారు, జోగేన్ చౌధురి గారు కూడా ఆ కేంద్రాలలో జీతం తీసుకున్నవారే. అనగా ఒకప్పుడు చేనేత శాఖ చిత్రకళకు అన్నం పెట్టినది. ఇప్పుడు చిత్రకళ నిధి నుంచి ఒక నేత యింటి బిడ్డకు కొంత వస్తే అది వింత కాదు.

మా గోదాము అట్టలు

ఇక మా సంగతి. కుర్రవాడు అడిగిన అట్టలలో ఒక కట్ట హంసల బారు అంచుది. ఆ నమూనాను గళ్ళ కాగితం మీద గీసి, అట్టలు తానే గుద్దినవారు మా సంఘ సభ్యులు ఒకరు. చాలా ఏళ్ళ కిందట కాలం చేశారు. ఆ అంచు చీరలను మా సంఘం ఇరవై ఏళ్ళు అమ్మినది. ఆయనకు అందరితోపాటు నేత కూలి ఇచ్చాము. నమూనాకు విడిగా ఏమీ ఇవ్వలేదు. లెక్కలలో ఎక్కడా ఆయన పేరు లేదు. అంతటి ఫౌండేషను తప్పును వేలెత్తి చూపేముందు, ఆ తప్పు మా చిట్టాలోనూ వున్నదని ఒప్పుకోవాలి.

ఆయన భార్య మా వీధిలోనే వున్నారు. ప్రెసిడెంటుగారూ, మేమూ, ఆ కుర్రవాడూ కలిసి వెళ్ళి సంగతి చెప్పాము. ప్రదర్శనకు అట్టలు ఇవ్వడం తమకు సమ్మతమేనా అనీ, గ్రాంటు వస్తే అందులో తమకు ఎంత భాగం ఇవ్వాలనీ అడిగాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "డబ్బు సంగతి మీరే చూడండి బాబూ. ఆయన పేరు రాస్తారా?" అన్నారు.

మరుసటి సమావేశంలో మూడు తీర్మానాలు జరిగినవి. ఒకటి, కుర్రవానికి సిఫారసు ఉత్తరం ఇవ్వాలి. ప్రదర్శనలో నమూనా గీసినవారి పేరు వుండాలి. ఆమెకు ఇవ్వవలసిన భాగాన్ని ఖర్చుల పట్టీలోనే చూపాలి. రెండు, ఇకమీదట నమూనా పుస్తకంలో ప్రతి నమూనాకు ఎదురుగా గీసినవారి పేరు, తేదీ వ్రాయాలి. మూడు, కొత్త నమూనా చీర ఒక్కొక్కదానికి 5 రూపాయలు చొప్పున విడిగా తీసి, నమూనా నిధి అని బ్యాంకులో వేయాలి. అసలు ముట్టరాదు. వడ్డీని మాత్రం, కొత్త అంచు ప్రయత్నించే నేతగానికి ఆ రోజుల కూలి కింద ఇవ్వాలి. మూడవదానికి సర్వసభ్య సమావేశం ఆమోదమూ, ఉపవిధుల సవరణకు రిజిస్ట్రారుగారి అనుమతీ కావాలి. మొదటి ఏడాది వడ్డీ ఒక పడుగుకైనా చాలదని మాకు తెలుసు. అయినా మూలధనం అంటూ మొదలైతేనే గదా పెరిగేది.

తలిదండ్రులకు మనవి

పిల్లలు గ్రాంటు దరఖాస్తు తెచ్చినప్పుడు భయపడి చింపివేయకండి, సంబరపడి సంతకమూ పెట్టకండి. ఐదు సంగతులు చూడండి. ఇచ్చేది గ్రాంటా, అప్పా? తయారైన పని ఎవరికి చెందుతుంది? దానిని అచ్చు వేసుకునే హక్కు ఎవరిది? లెక్కలు ఎప్పుడు, ఎవరికి అప్పగించాలి? ఇతరుల నమూనా వాడితే వారి అనుమతి వ్రాతమూలంగా వున్నదా? దరఖాస్తు పెట్టడానికే పెద్ద రుసుము అడిగే సంస్థను నమ్మకండి.

నమూనాలు గీసే నేతసోదరులకు మరొక మాట. డిజైనుల చట్టం, 2000 ప్రకారం కొత్త డిజైనును నమోదు చేసుకుంటే 10 ఏళ్ళు, మళ్ళీ దరఖాస్తు పెట్టుకుంటే ఇంకొక 5 ఏళ్ళు రక్షణ వుంటుంది. అయితే బజారులో చూపకముందే దరఖాస్తు చేయాలి. ముందు అమ్మి తరువాత నమోదంటే కుదరదు. ఈ నియమం తెలియక మనవారు చాలామంది నష్టపోయారు.

దరఖాస్తు వెళ్ళినది, జవాబు ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా, మా నమూనా పుస్తకంలో హంసల బారు అంచుకు ఎదురుగా ఆయన పేరు వ్రాసివున్నది. తక్కిన సంఘాల కార్యదర్శులు తమ నమూనా పుస్తకాలు ఒకసారి తెరచి చూడవలసినదిగా కోరుచున్నాము. గీసినవారిని ఎరిగిన పెద్దలు జీవించి వుండగానే ఆ పేర్లు వ్రాసుకోవాలి.